ఆటగాళ్ల నంబర్లు జీఎం ముందు ఎలా ఉండాలి: పూర్తి షీటా, అట్టలా, ఒక్క పట్టికా?

పాచికలు వేస్తూ కథలో పాత్రలుగా ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటల్లో కొత్తగా జీఎం (గేమ్ మాస్టర్, అంటే ఆట నడిపేవాళ్లు) కుర్చీలో కూర్చున్నవాళ్లు, బెజవాడలోనైనా గుంటూరులోనైనా, రెండు మూడు ఆటలు నడిపాక అడిగే ప్రశ్న ఇదే. అందరి క్యారెక్టర్ షీట్లూ (ఆటగాడి పాత్ర వివరాలు, నంబర్లు రాసుండే కాగితాలు) జిరాక్స్ తీసి పెట్టుకోవాలా, చిన్న చిన్న అట్టల మీద రాసుకోవాలా, లేక ఒకే కాగితం మీద పట్టిక గీసుకుంటే సరిపోతుందా? ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నా. ఉదాహరణలన్నీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌వి. వేరే ఆట ఆడేవాళ్లు నంబర్ల పేర్లు మార్చుకుని చదువుకోండి.

జిరాక్స్ సంగతి ముందే తేల్చేద్దాం. ఐదుగురు ఆటగాళ్లుంటే ఒక్కొక్కరిదీ కనీసం రెండు పేజీలు, విజార్డ్ (మాంత్రికుడు) ఉంటే మంత్రాల పేజీ అదనం. అందులో మీకు కావలసిన నంబరు ఎక్కడో మూలన ఉంటుంది. పైగా లెవెల్ పెరిగిన మర్నాటి నుంచి ఆ కాగితాలు పాతవే. ఆట లేని రోజున ఇంట్లో కూర్చుని వాళ్ల కథల్లోకి తొంగి చూడటానికి పనికొస్తాయి, బల్ల మీద మాత్రం చోటు దండగ.

అసలు పోటీ అట్టలకూ పట్టికకూ మధ్యే. ఏది మేలో తేలాలంటే ముందు వాటి మీద ఏం రాయాలో తేలాలి. దీనికి నేను వాడే లెక్క ఒకటే: పాచిక ఎవరి చేతిలో ఉంది? నేను పాచిక వేసినప్పుడు అవతల ఏ నంబరుతో పోల్చుకోవాలో అదే నా కాగితం మీద ఉండాలి. గోబ్లిన్ కత్తి విసిరితే వేసేది నేనే, కాబట్టి ఆటగాడి ఏసీ (దెబ్బ తగలాలంటే నా పాచిక అందుకోవలసిన అంకె) కావాలి. గోబ్లిన్ పొదలో నక్కితే దాని స్టెల్త్ (దాక్కునే నేర్పు) వేసేదీ నేనే, కాబట్టి అందరి పాసివ్ పర్సెప్షన్ (పాచిక వేయకుండానే ఎంత గమనిస్తారో చెప్పే అంకె) కావాలి. సత్రం యజమాని అబద్ధం చెబితే పాసివ్ ఇన్‌సైట్ (అలాగే, ఎదుటివాడి మనసు పసిగట్టే అంకె) కావాలి. మన విజార్డ్ మంత్రం వేస్తే రాక్షసుడి సేవింగ్ త్రో (తప్పించుకోవడానికి వేసే పాచిక) నాది, కాబట్టి ఆ విజార్డ్ డీసీ (ఆ పాచిక అందుకోవలసిన అంకె) కావాలి. వీటికి తోడు మొత్తం హెచ్‌పీ (ఎన్ని దెబ్బలకు తట్టుకుంటాడో చెప్పే అంకె) ఎంత, చీకట్లో కనిపిస్తుందా, ఏ భాషలొచ్చు. అంతే. ఆటగాడి సేవింగ్ త్రోలు, దాడి బోనస్‌లు, స్కిల్స్ అతని షీట్‌లోనే ఉండనివ్వండి, పాచిక వేసేది అతనే, కూడుకునేదీ అతనే.

బలం, తెలివి లాంటి ఆరు అబిలిటీ స్కోర్లు కూడా రాయాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు. స్కోరులోంచి పది తీసేసి సగం చేస్తే వచ్చే మోడిఫయర్‌తోనే ఆటంతా నడుస్తుంది. 14 అయితే +2, 8 అయితే -1. ఎంత బరువు మోయగలడు, ఎంత దూరం దూకగలడు లాంటి చోట్ల స్ట్రెంగ్త్ స్కోరు అవసరమే, కానీ అవి అడిగి తెలుసుకున్నా కొంప మునగదు.

అడిగితే కొంప మునిగేది పాసివ్ పర్సెప్షన్ దగ్గర. ఆట మధ్యలో "ఏరా, నీ పాసివ్ ఎంత?" అన్నారంటే అయిపోయింది. "ఎందుకన్నా అడుగుతున్నావ్?" అంటూనే పక్కవాడి కత్తి బయటికొస్తుంది, ఇంకొకడు గోడలు తడమడం మొదలుపెడతాడు. ఆ పొదలో ఎవరో ఉన్నారని మీరే చెప్పినట్టు. నా దృష్టిలో అట్టా పట్టికా అన్న తగువు తీర్చేది ఇదే: అయిదుగురివీ ఒకే రకం నంబర్లు, ఎవరినీ అడక్కుండా, ఒక్క చూపులో అందాలి.

అట్టల్లో ఆ పని జరగదు. అట్ట మనిషికి ఒకటి, కానీ ఆటలో నాకు వచ్చే ప్రశ్న మనిషి గురించి కాదు, నక్కిన గోబ్లిన్ ఎవరికి కనిపించిందన్నది. అయిదు అట్టలు చదివి, ఒక్కోదాని మీద ఆ మూల నంబరు వెతుక్కునేసరికి మొహంలో తెలిసిపోతుంది. పట్టికలో అయితే ఒక్క నిలువు వరస. పండిట్ నెహ్రూ బస్టాండులో గుంటూరు బస్సు ఎక్కేవాడికి ప్లాట్‌ఫాం నంబరు కనబడితే చాలు, బస్సు ఎప్పుడు కొన్నారో బోర్డు మీద రాయరు కదా.

ఒక మూడో లెవెల్ గుంపు తీసుకోండి. ఎల్ఫ్ దొంగకు ఏసీ 14, హెచ్‌పీ 21, పాసివ్ 13. మనిషి ఫైటర్‌కు ఏసీ 18, హెచ్‌పీ 28, పాసివ్ 10. విజార్డ్‌కు ఏసీ 12, హెచ్‌పీ 17, పాసివ్ 11, డీసీ 13. నేను పాసివ్ గడిలో రెండు నంబర్లు రాస్తాను, దొంగకు 13/8 అని. డార్క్‌విజన్ (చీకట్లో చూసే శక్తి) ఉన్నా పూర్తి చీకటి వాళ్లకు మసక వెలుతురులాగే కనిపిస్తుంది, మసకలో చూపుతో చేసే పర్సెప్షన్‌కు డిస్‌అడ్వాంటేజ్ (ప్రతికూలత), అంటే పాసివ్‌లో అయిదు తగ్గాలి. చాలామంది జీఎంలు ఇది వదిలేస్తారు, దాంతో ఎల్ఫ్‌లకు గుహలన్నీ పట్టపగలే. గోబ్లిన్ స్టెల్త్ +6, పాచిక మీద 6 పడితే మొత్తం 12. పగలైతే దొంగ పట్టేస్తుంది, దీపం లేని గుహలో పట్టదు. ఆ గడి ముందే రాసుంటే ఆ క్షణంలో తీసివేత చేయక్కర్లేదు.

అట్టలకూ మంచి గుణం ఒకటుంది, కాదనను. మధ్యకు మడిచి స్క్రీన్ (జీఎం తన ముందు నిలబెట్టుకునే అడ్డు) మీద వేలాడదీస్తే ఇనిషియేటివ్ వరస (పోరులో ఎవరి తర్వాత ఎవరి వంతో) అందరికీ కనిపిస్తుంది, అవతలి వైపు క్యారెక్టర్ పేరు రాస్తే ఆటగాళ్లు ఒకరినొకరు అసలు పేర్లతో కాకుండా ఆ పేర్లతో పిలుచుకుంటారు. కాకపోతే మే నెలలో బెజవాడలో ఫ్యాను అయిదు మీద పెట్టకుండా ఎవరూ కూర్చోరు, ఆ గాలికి అట్టలు ఎగిరి చిప్స్ ప్లేటులో పడతాయి. బట్టల క్లిప్పులు పెట్టండి. వరస కోసం అట్టలు, నంబర్ల కోసం పట్టిక అని రెండూ కలిపినా బాగానే ఉంటుంది, కానీ ఒకటే చేసే ఓపిక ఉంటే పట్టికే గీయండి. ఏ4 అడ్డంగా, అక్షరాలు పెద్దవి, నిలబడి చూసినా కనబడాలి. లెవెల్ పెరిగినప్పుడల్లా మారేవి కాబట్టి పెన్సిల్‌తో.

ల్యాప్‌టాప్, ఫోన్ సంగతి: స్నేహితులు హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉండి ఆన్‌లైన్‌లో ఆడుతుంటే రోల్20 లాంటి వెబ్‌సైట్లలో నంబర్లు ఎలాగూ అందులోనే ఉంటాయి, ఈ గొడవే లేదు. బల్ల చుట్టూ కూర్చుని ఆడేటప్పుడు మాత్రం ల్యాప్‌టాప్ తెరిచిన జీఎం ముఖం అందులోనే ఉండిపోతుంది.

రాక్షసుల గురించి కూడా కొందరు అడిగారు. 2014 రాక్షసుల పుస్తకం మాన్‌స్టర్ మాన్యువల్‌లో అబిలిటీలు ఒకచోట, సేవ్‌లు (సేవింగ్ త్రో బోనస్‌లు) ఇంకోచోట ఉండేవి, అది కూడా ప్రత్యేకంగా ఉంటేనే రాసేవాళ్లు. 2025లో వచ్చిన మాన్‌స్టర్ మాన్యువల్‌లో ప్రతి అబిలిటీ పక్కనే మోడిఫయర్, సేవ్ రెండూ ఉన్నాయి, ఇనిషియేటివ్ కూడా పైనే ఇచ్చారు. కొత్తదే మేలు, ఇందులో తటపటాయింపు లేదు. అయినా చిల్లర రాక్షసులకు అంత పెట్టె కూడా ఎక్కువే. పట్టిక కింద ఖాళీలో ఒక్క లైను రాసుకుంటాను: గోబ్లిన్ (2014 పుస్తకంలోది), ఏసీ 15, హెచ్‌పీ 7, కత్తి +4, దెబ్బ 1డీ6+2 (ఆరు ముఖాల పాచిక ఒకటి, దానికి 2 కలిపి), స్టెల్త్ +6. మంత్రాలు వేసే విలన్ వస్తే ఆ లైను చాలదు, అక్కడ పుస్తకంలో ఆ పేజీకి చీటీ పెట్టుకుని స్క్రీన్ వెనక తెరిచి ఉంచండి.