ఫ్లాటు హైదరాబాద్‌లో, మనం అమెరికాలో: అద్దెకున్నవాళ్లతో మాటలు మేనేజర్‌కే వదిలేయాలా, గ్రూపు పెట్టాలా?

మియాపూర్‌లో ఫ్లాటు అద్దెకిచ్చి డాలస్‌లో ఉంటున్నాను. ఫ్లాటు చూసుకోవడానికి మేనేజర్‌ని పెట్టుకున్న స్నేహితులందరూ అడిగేది ఒకటే: అద్దెకున్నవాళ్లతో మాటలన్నీ ఆయనకే వదిలేయాలా, మనమూ ఉండేలా వాట్సాప్ గ్రూపు పెట్టాలా? నేను నాలుగేళ్లు ఆయనకే వదిలేశాను. ఈ జనవరిలో గ్రూపుకి మారాను.

వదిలేస్తే సుఖమే, కాదనను. అద్దె ఆలస్యమైతే అడగడం, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి అడ్వాన్సులో ఎంత పట్టుకోవాలో తేల్చడం ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషికే కుదురుతుంది. ఆ రెండూ ఇప్పటికీ గ్రూపులో ఎత్తను.

రిపేర్ల దగ్గర మాత్రం మాట చేతులు మారేకొద్దీ పలచబడిపోతుంది. నిరుడు వానాకాలంలో అద్దెకున్నావిడ "బాత్రూం గోడకి చెమ్మెక్కుతోంది, కిందివాళ్లు కూడా అడుగుతున్నారు" అని చెప్పారట. నా దాకా వచ్చింది "చిన్న లీకేజీ సార్, చూద్దాం" అని. నెలన్నరకి కింది ఫ్లాటు సీలింగ్ పెచ్చులూడింది. మేనేజర్ కావాలని దాచలేదు. ఫొటో లేదు, రాత లేదు, అంతే. పోనీ నన్నే అడుగుదామన్నా, అక్కడ ఉదయం పదిన్నరకి ప్లంబర్ వస్తే ఇక్కడ వేసవిలో అర్ధరాత్రి.

అందుకే నా లెక్కలో అసలు ప్రశ్న, నన్ను అడక్కుండా మేనేజర్ ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చు అన్నది. ఐదు వేల లోపైతే అడగొద్దు, పనికి ముందు ఫొటో, అయ్యాక బిల్లు గ్రూపులో పెడితే చాలన్నాను. ఈ హద్దు చెప్పకుండా గ్రూపు పెడితే ముగ్గురూ ఒకరి జవాబు కోసం ఒకరు ఎదురుచూస్తూ కూర్చుంటారు.

ఇంకోటి, టీడీఎస్, అంటే అద్దెకున్నవాళ్లు అద్దెలోంచి పట్టుకుని ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను. అద్దె నెలకి 50,000 దాటితేనే పట్టాలన్న రూలు ఇండియాలో ఉండే ఓనర్ల విషయంలో. ఓనరు ఎన్నారై అయితే ఆ మినహాయింపు లేదు. ఇది అద్దెకున్నవాళ్లకి నోటిమాటగా కాక రాతలోనే చేరాలి. ఇల్లు చూడ్డానికి వెళ్లేటప్పుడూ అంతే. కేంద్రం 2021లో ఇచ్చిన నమూనా అద్దె చట్టం 24 గంటల ముందు నోటీసు ఇమ్మంటుంది, మెసేజైనా సరే. రాష్ట్రం చట్టం చేసేదాకా అది నమూనాయే అయినా, ఆ మర్యాద నాకు నచ్చింది.

మేనేజర్ బదులు యాప్‌లు అంటారా, అవి పది ఇళ్లున్నవాళ్లకి. బావమరిదికి అప్పగిస్తే మొహమాటం.

గ్రూపు ఉంది కదా అని మనమే ప్లంబర్‌ని పురమాయించడం మొదలుపెడితే మేనేజర్ చేతులెత్తేస్తారు. నేను అన్నీ చదువుతాను, రాయాల్సింది మాత్రం ఆయన పేరు పెట్టే రాస్తాను.