కడప బండల నేల మీద ఏడేళ్లు: మా హాలు సౌండ్, ప్రొజెక్టర్ సమీక్ష

కడపలో మా సాంస్కృతిక సంస్థకు 420 సీట్ల హాలు ఉంది. 2018లో దానికి కొత్త సౌండ్ సిస్టమ్, ప్రొజెక్టర్ పెట్టించాం. కొటేషన్లు పోల్చిన కమిటీలో నేనూ ఒకణ్ణి. ఆ పాపానికి తరువాత హాలు తాళాలు, మైకుల శబ్దాలను కలిపి సర్దే మిక్సర్ రెండూ నాకే అప్పగించారు. పౌరాణిక నాటకాలు, అవధానాలు, బడి వార్షికోత్సవాలు, శిక్షణ తరగతులు అన్నీ ఏడేళ్లుగా ఆ మిక్సర్ వెనక నుంచే చూస్తున్నాను. సామాను కొన్న వారానికే రాసిన సమీక్షలు నమ్మి మేము చాలా పోగొట్టుకున్నాం. అందుకే ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

ముందు గోడల సంగతి చెప్పాలి. మా హాలు 22 మీటర్ల పొడవు, 14 మీటర్ల వెడల్పు, 7 మీటర్ల ఎత్తు. నేలంతా నున్నగా పాలిష్ పట్టిన కడప బండలు, గోడలకు సిమెంటు పూత, పైన కాంక్రీటు. సొంత ఊరి రాయి అని మురిసిపోయి వేయించుకున్నాం గానీ, శబ్దానికి అది అద్దం లాంటిది. తగిలిన శబ్దాన్ని దాదాపు తగిలినట్టే వెనక్కి కొడుతుంది. ఖాళీ హాలులో ఒక్క చప్పట్లు కొడితే నాలుగు సెకన్ల దాకా గుయ్యిమనేది. మాట స్పష్టంగా వినపడాలంటే అది ఒక సెకను చుట్టుపక్కల ఉండాలి. ఇది తెలియక మేము ఏం చేశామంటే, మాట అర్థం కావడం లేదని ఇంకా పెద్ద స్పీకర్లు కొన్నాం. గోల పెరిగింది. మాట మాత్రం అలాగే ఉంది.

హాలులో శబ్దం ఎన్ని సెకన్లు గుయ్యిమంటుందో చెప్పే లెక్క వాలెస్ సాబిన్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త తేల్చినది. 1895లో హార్వర్డ్‌లో ఒక ఉపన్యాస గదిలో మాటలు అర్థం కాకపోతే, ఆయన పక్క థియేటరు కుర్చీల మెత్తలు రాత్రిపూట మోయించుకొచ్చి, ఎన్ని మెత్తలకు ప్రతిధ్వని ఎంత తగ్గుతుందో కొలిచాడు. హాలు ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, శబ్దాన్ని పీల్చుకునే మొత్తం వైశాల్యంతో భాగిస్తే ఎన్ని సెకన్లో వస్తుంది. కాగితం మీద వేసుకుంటే పది నిమిషాల పని. మాకు కొటేషన్ ఇచ్చిన ఐదుగురిలో ఒక్కరు కూడా వేయలేదు. మేమూ అడగలేదు.

2020లో హాలు మూతపడి ఉన్న నెలల్లో పక్క గోడలకు, వెనక గోడకు గుడ్డ చుట్టిన గ్లాస్ ఊల్ పలకలు వేయించాం. 50 మిల్లీమీటర్ల మందం, మొత్తం 120 చదరపు మీటర్లు. ఫైబరు కుర్చీలు తీసి మెత్తటి సీట్లు పెట్టాం. ఇప్పుడు ఖాళీ హాలులో కూడా ఒకటిన్నర సెకను దాటదు. ఆ పెద్ద స్పీకర్లలో రెండు స్టోరు గదిలో ఉన్నాయి, వాటి మీద రథసప్తమి సామాను పెట్టుకుంటున్నాం.

స్పీకర్ల విషయంలో నేను నూటికి నూరు మార్కులు వేసేది మధ్య వరసల పైన గోడకు బిగించిన రెండు చిన్న వాటికి. వేదిక దగ్గరి స్పీకర్లతో వెనక కూర్చున్నవాళ్లకు వినిపించాలంటే ముందు వరసలవాళ్ల చెవులు చిల్లులు పడాలి. దూరం రెట్టింపైన ప్రతిసారీ స్పీకర్ నుంచి నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెళ్లు (శబ్దం కొలిచే ప్రమాణం) తగ్గడం సహజం. అందుకే వేదికకు 12 మీటర్ల దూరంలో ఈ జత. కానీ బిగించిన రోజున వెనకవాళ్లకు ప్రతి పద్యం రెండుసార్లు వినిపించింది. కరెంటు తీగలో వెంటనే వస్తుంది, గాలిలో శబ్దం సెకనుకు 343 మీటర్లే నడుస్తుంది కదా. 12 మీటర్లకు 35 మిల్లీసెకన్లు పడుతుంది. మిక్సర్‌లో ఆ జతకు 35 ఆలస్యం పెట్టి, పైన మరో 12 కలిపాను. ఆ 12లోనే కిటుకంతా ఉంది. వేదిక నుంచి వచ్చే శబ్దం చెవికి ముందు తగులుతుంది కాబట్టి, శబ్దం నిజంగా పక్క స్పీకర్ నుంచి వస్తున్నా శ్రీకృష్ణుడి నోటి నుంచే వస్తున్నట్టు అనిపిస్తుంది. మే నెలలో గాలి వేడెక్కితే శబ్దం ఇంకాస్త వేగంగా పోతుంది, లెక్క మార్చాలా అని ఒక కుర్రాడు అడిగాడు. వేసి చూస్తే తేడా ఒక్క మిల్లీసెకను. కడప ఎండ కూడా ఏమీ చేయలేని విషయం ఒకటి దొరికిందని నవ్వుకున్నాం.

మైకుల్లో షూర్ ఎస్ఎం58 గురించి చెప్పడానికి ఏమీ లేదు. 1966 నుంచి ఉన్న మోడల్, మా దగ్గరవి లెక్కలేనన్నిసార్లు కింద పడ్డాయి, పనిచేస్తున్నాయి.

కాలర్ మైకులు మాత్రం మా పరువు తీశాయి. చవకగా వస్తున్నాయని మొదట 2.4 గిగాహెర్ట్జ్‌వి తీసుకున్నాం. రిహార్సల్‌లో బంగారంలా పనిచేశాయి. హాలు నిండిన రోజున దుర్యోధనుడి సంభాషణ ముక్కలు ముక్కలుగా వచ్చింది. వైఫై, బ్లూటూత్ నడిచేది ఆ తరంగాల్లోనే. నాలుగు వందల జేబుల్లో నాలుగు వందల ఫోన్లు, దానికి తోడు మనుషుల ఒళ్లు ఆ తరంగాలను మింగేస్తాయి. అంతకన్నా తక్కువ పౌనఃపున్యంలో నడిచే యూహెచ్ఎఫ్ మైకులకు మారాక ఆ బాధ పోయింది. ఇంకో బాధ మిగిలింది: పౌరాణిక వేషానికి ఉండే హారాలు, భుజకీర్తులు మైకుకు రాసుకుని గరగరలాడతాయి. ఇప్పుడు కిరీటం అంచున, నుదుటి దగ్గర అతికిస్తున్నాం. అదీ సంభాషణలకే. పద్యానికి పాత పద్ధతే మేలు, వేదిక ముందు స్టాండు మైకు. తారస్థాయిలో రాగం ఎత్తుకునేటప్పుడు తల ఎంత వెనక్కి తీయాలో అనుభవమున్న పద్యనటులకు ఎవరూ నేర్పనక్కర్లేదు. వన్స్‌మోర్ పడేది ఆ మైకు ముందే.

అవధానం అన్నిటికన్నా గట్టి పరీక్ష. అష్టావధానంలో ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిది మంది, అవధాని, అధ్యక్షుడు, మొత్తం పది మైకులు. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ మైకు కూత పెట్టకుండా పెంచగలిగే శబ్దం 3 డెసిబెళ్లు తగ్గుతుంది. పదికి 10 డెసిబెళ్లు పోతాయి. అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన నవ్వించబోతే మైకు ఈల వేసేది. మాట్లాడేవారి మైకు మాత్రమే తనంతట తాను తెరుచుకునే ఆటోమిక్స్ సౌకర్యం మా డిజిటల్ మిక్సర్‌లో మొదటి నుంచీ ఉంది. దాన్ని నేను కనుక్కోవడానికి మూడేళ్లు పట్టింది. అమర్చినవాళ్లు చెప్పలేదు, కోపం ఇంకా తగ్గలేదు.

కరెంటు గురించి క్లుప్తంగా. ఆంప్లిఫయర్లు వేదిక దగ్గరి ప్లగ్గులో, మిక్సర్ వెనకవైపు ప్లగ్గులో ఉండటం వల్ల రెండు చోట్ల ఎర్త్ కలిసి, నిత్యం గుంయ్‌మనే రొద వచ్చేది. రెండింటినీ ఒకే లైనుకు తెచ్చి, లైట్ల డిమ్మర్లను వేరే ఫేజుకు మార్చాక ఆగింది. ఒకసారి గాయనికి మైకు తగిలి పెదవి చురుక్కుమంది. ఎర్తింగ్ గుంత ఎండిపోయిందని అప్పుడు తేలింది. మన నేలలో వేసవి నాలుగు నెలలూ ఆ గుంతలో నీళ్లు పోయాల్సిందే, వాచ్‌మన్ పనుల్లో అది రాసి పెట్టాం. మిక్సర్, ప్రొజెక్టర్ మటుకు చిన్న యూపీఎస్ మీద ఉన్నాయి.

ప్రొజెక్టర్ విషయంలో తప్పు యంత్రానిది కాదు, తెరది. 5,000 ల్యూమెన్ల వెలుగు సరిపోయింది. కానీ తెర 4 మీటర్ల వెడల్పు, 2.25 మీటర్ల ఎత్తు. అక్షరాలు చదవాలంటే చివరి ప్రేక్షకుడు తెర ఎత్తుకు ఆరు రెట్ల లోపల ఉండాలని ఒక వాడుక లెక్క ఉంది, అంటే 13.5 మీటర్లు. మా చివరి వరస 18 మీటర్ల దూరంలో ఉంది. బడి పిల్లల ఫొటోలైతే ఎవరికీ ఇబ్బంది లేదు. శిక్షణకు వచ్చే అధికారులు ఇరవై గడుల పట్టికలు వేస్తారు, వెనకవాళ్లు ఫోన్లు తీస్తారు. మూడేళ్ల క్రితం ల్యాంపుది తీసి లేజర్‌ది పెట్టాం, దాని వెలుగు 20,000 గంటలు వస్తుందంటున్నారు, ఇప్పటికి ల్యాంపు ఖర్చు మిగిలింది. ముప్పై మీటర్ల హెచ్‌డీఎంఐ తీగ మాత్రం కొనకండి. మాది బొమ్మను మిణుకుమిణుకుమనిపించి చివరికి చేతులెత్తేసింది. నెట్‌వర్క్ తీగ మీద పంపే హెచ్‌డీబేస్‌టీ పెట్టెల జత వేశాక మళ్లీ దాని ఊసే రాలేదు. ఫిల్టరు నెలకోసారి ఊడ్చాలి, బండల ఫ్యాక్టరీల దుమ్ము ఊరంతా ఉంటుంది.

ఇక తీరనిది ఏసీ రొద. గొట్టాలు సన్నగా వేయడం వల్ల గాలి బుసకొడుతుంది, మార్చాలంటే పైకప్పంతా విప్పాలట. అవధాని ధారణకు, అంటే పూరించిన పద్యాలన్నీ తిరిగి అప్పజెప్పడానికి, కూర్చునే ముందు నాకు సైగ చేస్తారు, నేను ఏసీ ఆపేస్తాను. పద్యాలన్నీ పూర్తయ్యేసరికి అరగంట. మే నెలలో ఆ అరగంట, వెనక వరసలో విసనకర్రలు ఆడుతుంటే, అందరి చూపులూ నా మిక్సర్ వైపే ఉంటాయి.