కోచి కోర్ కేంద్రం: బంగాళాఖాతపు మట్టితో పనిచేసేవారి దృష్టిలో

నైరుతి ఋతుపవనాల పూర్వచరిత్రను సముద్రగర్భపు మట్టిలో వెతకడం నా వృత్తి. ఆ మట్టి నాకు చాలా ఏళ్లుగా అందుతున్నది జపాన్‌లోని షికోకు ద్వీపంలో ఉన్న కోచి కోర్ కేంద్రం నుంచి. కోచి విశ్వవిద్యాలయం, జపాన్ సముద్ర పరిశోధన సంస్థ జామ్‌స్టెక్ కలిసి నడుపుతున్న ఈ కేంద్రం, అంతర్జాతీయ సముద్ర డ్రిల్లింగ్ యాత్రలలో గొట్టంతో తవ్వి తీసిన మట్టిస్తంభాలను, అంటే కోర్లను, దాచే మూడు ప్రధాన భాండాగారాలలో ఒకటి. మిగిలిన రెండు జర్మనీలోని బ్రెమెన్‌లో, అమెరికాలోని టెక్సస్‌లో ఉన్నాయి. హిందూ మహాసముద్రపు కోర్లు కోచికి చేరతాయి.

2014 నవంబరు చివర నుంచి 2015 జనవరి చివర వరకు సాగిన అటువంటి 353వ యాత్రలో జాయిడిస్ రిజల్యూషన్ అనే డ్రిల్లింగ్ నౌక మహానది తీరానికి ఎదురుగా, సుమారు 1,430 మీటర్ల నీటిలోతున, యూ1446 అనే చోట తవ్వింది. నౌకలో చోటు దొరికేది కొద్దిమందికే. యాత్ర తర్వాత ఏడాదిపాటు ఆ బృందానికి ముందు హక్కు ఉంటుంది; గడువు తీరాక ఏ దేశపు పరిశోధకుడైనా తన ప్రశ్న ఏమిటో, ఎంత మట్టి కావాలో, ఎందుకు కావాలో రాసి శాంపిళ్లు కోరవచ్చు, మట్టికి ధర ఏమీ ఉండదు. సొంత నౌకను ఊహించలేని విశ్వవిద్యాలయాలకు ఇంతకంటే పెద్ద ఆసరా లేదని నా నమ్మకం.

కోర్‌ను దగ్గరగా చూస్తే ఈ ఏర్పాటు ఎంత పకడ్బందీగా ఉందో తెలుస్తుంది. ఒక్కసారికి గరిష్ఠంగా 9.5 మీటర్లు పైకి వచ్చే మట్టిస్తంభాన్ని ఒకటిన్నర మీటరు ముక్కలుగా కోస్తారు. ప్రతి ముక్కకు పైకొనను నీలం మూత, కిందికొనను రంగులేని మూత బిగిస్తారు, కాబట్టి దశాబ్దాల తర్వాత తెరిచినా తల ఏదో తోక ఏదో తడబడే పనిలేదు. ఆపై నిలువునా చీలుస్తారు. ఆర్కైవ్ సగాన్ని చెక్కుచెదరకుండా ఉంచి, వర్కింగ్ సగం నుంచి మాత్రమే శాంపిళ్లు తీస్తారు, తీసినచోట స్పాంజి ముక్క పెట్టి ఎవరి కోసమో గుర్తు రాస్తారు. అన్నీ 4 డిగ్రీల శీతల గదిలో ఉంటాయి. రెండు సెంటీమీటర్ల మందపు మట్టిని తెచ్చుకుని 63 మైక్రాన్ల జల్లెడలో కడిగితే మిగిలే ఫోరామినిఫెరా (సముద్రపు ఏకకణ జీవులు) గుల్లలే నా ఆధారం. వాటి ఆక్సిజన్ ఐసోటోపులు (ఒకే మూలకపు వేర్వేరు బరువుల పరమాణువులు), మెగ్నీషియం పాళ్లు కలిపి చదివితే ఆనాటి నీటి వేడిమి, అందులో కలిసిన నదీజలాల జాడ తెలుస్తాయి.

పరిమితి లేకపోలేదు. ఒక కోర్‌కు, దాని కింది కోర్‌కు మధ్య కొంత మట్టి జారిపోతుంది గనుక ఒకే చోట రెండుమూడు రంధ్రాలు తవ్వి, మంచి భాగాలను అతికి ఎడతెగని వరుసను కూర్చుతారు. అందరూ ఆ వరుసలోని మట్టినే అడగడంవల్ల హిమయుగాలు ముగిసిన ఘట్టాల దగ్గర స్పాంజి ముక్కలే ఎక్కువ కనిపిస్తాయి. అటువంటప్పుడు పక్క రంధ్రపు కోర్‌ను అడగడమే మేలు. రెండు రంధ్రాల అయస్కాంత గ్రాహ్యత (మట్టి అయస్కాంతానికి ఎంతగా స్పందిస్తుందో చెప్పే కొలత) రేఖలను ఒకదానిపై ఒకటి పెట్టి లోతులను సరిచూసుకుంటే కాలనిర్ణయం పెద్దగా చెదరదు. ఎక్స్‌రే సీటీ స్కానర్ లోపలి పొరలను, ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్‌రేలతో మూలకాలను గుర్తించే) స్కానర్ మూలకాలను, శాంపిల్ తీయకుండానే చూపుతాయి కనుక, శాంపిల్ అడిగే ముందు ఉన్న కొలతలన్నీ చదవాలని నా విద్యార్థులకు గట్టిగా చెబుతాను. అసలు చికాకు దారిలోనే ఉంది: ఒకసారి మా పెట్టె కస్టమ్స్‌లో వారాల తరబడి నిలిచిపోయింది.

1972లో గ్లోమర్ చాలెంజర్ అనే నౌక బంగాళాఖాతంలో తవ్విన 218వ చోటు కోర్లు కూడా నేటికీ అభ్యర్థించదగినవే. అప్పుడు లేని పరికరాలతో వాటిని ఇప్పుడు చదువుతున్నాం. 2006లో కృష్ణా–గోదావరి బేసిన్‌లో గ్యాస్ హైడ్రేట్ల (మంచులాంటి స్ఫటికాలలో చిక్కుకున్న సహజవాయువు) కోసం తవ్వి తీసిన ఒక కోర్, గోదావరి ముఖద్వారం ఎదుట గత పదివేల ఏళ్లలో వానలు తగ్గుతూ వచ్చిన తీరును బయటపెట్టింది. నదికి ఎగువన ఉన్న దక్కన్ బసాల్ట్ (లావా గడ్డకట్టిన నల్లరాయి) నుంచి వచ్చిన మట్టికీ, దిగువ ప్రాచీన శిలల మట్టికీ నియోడిమియం అనే లోహపు ఐసోటోపుల పాళ్లు వేరుగా ఉంటాయి కాబట్టి, వర్షం ఎక్కడ కురిసిందో కూడా అందులో వెతకవచ్చు.

2024తో జాయిడిస్ రిజల్యూషన్ సేవ ముగిసింది. బంగాళాఖాతానికి మళ్లీ అటువంటి నౌక వచ్చేవరకు అంత లోతు పొరల కొత్త మట్టి దొరకడం కష్టం, కాబట్టి మన ప్రాంతపు యువ పరిశోధకులు కోచిలో ఉన్న కోర్ల జాబితానుంచే మొదలుపెట్టాలి.