ఆఫీసు ప్రింటర్‌ను పంచుకోవడానికి ఏది మేలు: ఒకరి కంప్యూటరా, నేరుగా నెట్‌వర్కా, సర్వరా?

ఆఫీసులో ప్రింటర్ ఒకటే ఉండి, దానితో పని ఉన్నవారు పదిమంది ఉన్నప్పుడు ముందుగా తేల్చుకోవలసింది ఏ కంపెనీ ప్రింటర్ కొనాలన్నది కాదు. ఆ పదిమంది పంపిన పత్రాలు తమ వంతు వచ్చేదాకా ఏ యంత్రంలో వేచి ఉండాలన్నది. ఆ వరుసనే ప్రింట్ క్యూ అంటాము. అది ఒక ఉద్యోగి కంప్యూటర్‌లో ఉండవచ్చు, ఎవరి పత్రం వారి కంప్యూటర్‌లోనే ఉండవచ్చు, అందరికీ కలిపి ఒక సర్వర్‌లో ఉండవచ్చు, లేదా ఇంటర్నెట్‌కు అవతల ఉండవచ్చు. ప్రింటర్ ఎంత మంచిదైనా, ఈ వరుసను తప్పు చోట పెట్టిన ఆఫీసులో ప్రతి వారం ఏదో ఒక ఇబ్బంది తలెత్తుతూనే ఉంటుంది. చిన్న ఆఫీసుల కంప్యూటర్లు చూసుకునే పనిలో ఉన్న నేను ఈ నాలుగు పద్ధతులనూ అమర్చాను. ఐదు నుంచి ఇరవై కంప్యూటర్లున్న ఆఫీసుకు రెండవ పద్ధతే మేలని, అంటే నెట్‌వర్క్ ప్రింటర్‌కు మారని చిరునామా ఇచ్చి ప్రతి కంప్యూటర్‌లో నేరుగా చేర్చుకోవడమే సరైనదని నా అభిప్రాయం. మిగిలినవి ఎక్కడ తగుతాయో, ఎక్కడ తగవో కూడా చెప్పడం అవసరం.

మన ఊళ్ళలో ఎక్కువగా కనిపించేది మొదటి పద్ధతి. యూఎస్‌బీ కేబుల్‌తో ప్రింటర్‌ను ఒక కంప్యూటర్‌కు కలిపి, విండోస్‌లో షేర్ చేసి, మిగిలినవారు ఆ కంప్యూటర్ పేరుతో దానిని చేర్చుకుంటారు. కొత్తగా కొనవలసింది ఏమీ ఉండదు, అరగంటలో పని అయిపోతుంది కనుక దీనిని అందరూ ఇష్టపడతారు. కానీ ఆ అరగంటతో ఒక ఉద్యోగి బల్లమీది కంప్యూటర్, ఎవరూ చెప్పకుండానే, ఆఫీసు మొత్తానికి సర్వర్‌గా మారిపోతుంది. ఆ కంప్యూటర్ నిద్రావస్థలోకి వెళ్ళినా, అప్‌డేట్ కోసం రీస్టార్ట్ అయినా, దాని పేరు మారినా అందరి ప్రింట్లూ ఆగుతాయి. ఒక ఆడిట్ ఆఫీసులో సెప్టెంబరు నెలాఖరున, టాక్స్ ఆడిట్ నివేదికల గడువు దగ్గరపడిన రోజుల్లో, ప్రింటర్ కలిపి ఉన్న కంప్యూటర్ వాడే అమ్మాయి జ్వరంతో రాలేదు. కంప్యూటర్ ఆన్ చేశారు, కానీ దానికి డిస్క్ పాస్‌వర్డ్ ఉంది, అది ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఇంట్లో పడుకుని ఉన్న మనిషికి ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడగవలసి వచ్చింది. ఆ ఏర్పాటు చేసింది నేనే కాబట్టి ఆ రోజు నాకు నిజంగా బాధ కలిగింది. ఒకరి ఆరోగ్యం మీద, ఒకరి హాజరు మీద ఆఫీసు పని ఆధారపడేటట్టు అమర్చడం సరికాదని అప్పుడే నిశ్చయించుకున్నాను.

దానికి తోడు, 2021 తర్వాత ఈ పద్ధతి సాంకేతికంగా కూడా బలహీనపడింది. ఆ సంవత్సరం, పత్రాలను వరుసలో ఉంచి ప్రింటర్‌కు పంపే విండోస్ భాగమైన ప్రింట్ స్పూలర్‌లో ప్రింట్‌నైట్‌మేర్ అనే పేరుతో తీవ్రమైన భద్రతా లోపాలు బయటపడ్డాయి. వాటిని పూడ్చే క్రమంలో మైక్రోసాఫ్ట్, ఆగస్టు నుంచి, షేర్ చేసిన ప్రింటర్‌కు డ్రైవర్ (ఆ ప్రింటర్‌తో మాట్లాడడానికి కంప్యూటర్‌కు కావలసిన ప్రోగ్రాం) వేసుకోవాలంటే అడ్మినిస్ట్రేటర్ హక్కులు తప్పనిసరి చేసింది. సెప్టెంబరు అప్‌డేట్ తర్వాత మరో మార్పు వల్ల ఎన్నో ఆఫీసుల్లో ప్రింటర్ చేర్చబోతే 11బి అని ముగిసే ఎర్రర్ కోడ్ వచ్చి ఆగిపోయింది. దానికి విరుగుడుగా చాలామంది విండోస్ లోపలి అమరికలుండే రిజిస్ట్రీలో ఒక విలువ మార్చి, ఆ రక్షణనే తీసివేశారు. ప్రింట్లు వచ్చాయి గాని, మూసిన తలుపు మళ్ళీ తెరిచినట్టయింది. విండోస్ 11లో 24హెచ్2 విడుదల నుంచి ప్రో ఎడిషన్లలో నెట్‌వర్క్ షేరింగ్‌కు డిజిటల్ సంతకం (పంపినది ఎవరో నిర్ధారించే గుర్తు) తప్పనిసరి కావడంతో, పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా పంచుకునే పాత అలవాటు కూడా పనిచేయడం మానేసింది. ఇవన్నీ సరిచేసుకున్నా, విండోస్ 10, 11 లైసెన్సు ప్రకారం ఒక మామూలు కంప్యూటర్ నుంచి ఈ సేవ పొందగల ఇతర పరికరాలు 20కి మించకూడదు. అందువల్ల ఇద్దరు ముగ్గురు ఒకే గదిలో కూర్చుని పనిచేసే చోటకు మాత్రమే నేను దీనిని సూచిస్తాను.

రెండవ పద్ధతిలో ప్రింటర్‌కే ల్యాన్ పోర్టు గాని వైఫై గాని ఉంటుంది. దానికి ఒక ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో దానిని గుర్తించే అంకె) ఉంటుంది, ప్రతి కంప్యూటర్ తన పత్రాన్ని తానే సిద్ధం చేసి నేరుగా ప్రింటర్‌కు పంపుతుంది. అనేక ప్రింటర్లు 9100 అనే నెట్‌వర్క్ పోర్టులో, అంటే ఆ అంకె గల ద్వారంలో, ఈ పత్రాలను అందుకుంటాయి. ఐపీపీ (ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్) ప్రమాణం వాడేవి 631లో అందుకుంటాయి. ఎవరి కంప్యూటర్ ఆగితే వారి ప్రింటే ఆగుతుంది, పక్కవారికి ఏమీ కాదు. ఈ ఒక్క గుణం కోసమే దీనికి నా ఓటు.

అయితే ఇందులో జాగ్రత్త అంతా చిరునామాలోనే ఉంది. ప్రింటర్‌ను తెచ్చి కేబుల్ పెట్టగానే రౌటర్ దానికి ఏదో ఒక చిరునామా తాత్కాలికంగా ఇస్తుంది. కరెంటు పోయి వచ్చాక రౌటర్ అదే చిరునామాను మరొకరి ఫోనుకు ఇవ్వవచ్చు, ప్రింటర్‌కు కొత్తది ఇవ్వవచ్చు. అప్పుడు ఆఫీసులోని కంప్యూటర్లన్నీ ప్రింటర్ లేని చిరునామాకు పత్రాలు పంపుతూ కూర్చుంటాయి. ప్రింటర్ మెనూలో చేత్తో చిరునామా రాయడం ఒక దారి, కాని రౌటర్ పంచే చిరునామాల పరిధిలోపల దానిని రాస్తే రెండు పరికరాలకు ఒకే చిరునామా పడే ప్రమాదం ఉంది. అంతకంటే మంచి దారి రౌటర్‌లోనే రిజర్వేషన్ పెట్టడం, అంటే ఈ మ్యాక్ చిరునామా (తయారీలోనే పరికరానికి ఇచ్చిన గుర్తింపు సంఖ్య) ఉన్న పరికరానికి ఎప్పుడూ ఇదే ఐపీ ఇవ్వాలని రౌటర్‌కు చెప్పి ఉంచడం. ప్రింటర్ చిరునామా 169.254 అని మొదలైతే రౌటర్ నుంచి దానికి ఏమీ అందలేదని అర్థం. డ్రైవర్ తీసి మళ్ళీ వేసే ముందు కేబుల్‌ను, స్విచ్‌ను చూడాలి.

చేర్చేటప్పుడు కూడా విండోస్ తనంతట తాను వెతికి చూపించిన పేరును నొక్కితే తరచుగా డబ్ల్యూఎస్‌డీ అనే రకం పోర్టు ఏర్పడుతుంది. అది చిరునామాను పట్టుకోదు, ప్రింటర్ ఉనికిని నెట్‌వర్క్‌లో వెతుక్కుంటుంది. ప్రింటర్ నిద్రపోయి లేచినప్పుడు అది ఆఫ్‌లైన్ అని చూపడం నేను ఎన్నోసార్లు చూశాను. అందువల్ల చేత్తో చేర్చే దారిలో వెళ్ళి, టీసీపీ ఐపీ పోర్టును ఎంచుకుని, చిరునామా రాయాలి. అప్పటికీ ఆఫ్‌లైన్ అంటుంటే, ఆ పోర్టు అమరికల్లో ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ అన్న గడిలో టిక్కు తీసి చూడాలి; ప్రింటర్ నుంచి స్థితి సమాచారం రాకపోతే, అది బాగానే ఉన్నా విండోస్ దానిని లేనట్టే లెక్కవేస్తుంది. డిఫాల్ట్ ప్రింటర్‌ను విండోసే చూసుకునే అమరికను కూడా ఆపివేయడం మంచిది, లేకపోతే చివరిసారి వాడిన ప్రింటరే డిఫాల్ట్ అయి, అకౌంట్స్ వారి కాగితాలు మేడమీది యంత్రంలో వస్తాయి.

ఈ పద్ధతికి లోపాలు లేవని అనను. డ్రైవర్ మార్చాలంటే ప్రతి కంప్యూటర్ దగ్గరకూ వెళ్ళాలి. ఎవరు ఎన్ని పేజీలు తీశారో ఒకచోట తెలియదు. ఒకరు పొరపాటున మూడు వందల పేజీలు పంపితే, దానిని ఆపడానికి ఎవరి కంప్యూటరో కనిపెట్టాలి, లేదా ప్రింటర్ దగ్గరకు పరుగెత్తి రద్దు మీట నొక్కాలి. పన్నెండు కంప్యూటర్లకు ఈ శ్రమ భరించదగినదే. నలభైకి భరించలేము.

అక్కడే మూడవ పద్ధతి, ప్రింట్ సర్వర్, అవసరమవుతుంది. విండోస్ సర్వర్ ఉన్న ఆఫీసులో ప్రింటర్లను దానిలో చేర్చి, గ్రూప్ పాలసీ (అన్ని కంప్యూటర్లకూ సర్వర్ నుంచే అమరికలు పంపే ఏర్పాటు) ద్వారా ఏ విభాగానికి ఏ ప్రింటర్ వెళ్ళాలో నిర్ణయించవచ్చు. కొత్త ఉద్యోగి లాగిన్ కాగానే తన అంతస్తు ప్రింటర్ దానంతట అదే వచ్చి ఉంటుంది. రెండు వైపులా ముద్రణను అందరికీ డిఫాల్ట్‌గా పెట్టవచ్చు, రంగు ముద్రణకు అనుమతి ఇద్దరికే ఇవ్వవచ్చు, చిక్కుకున్న పత్రాన్ని ఒకేచోట కూర్చుని తీసివేయవచ్చు. ఇది కూడా అందరి వరుసనూ ఒకే యంత్రంలో పెట్టే పద్ధతే కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, కాని ఆ యంత్రం ఎవరి బల్లమీదా ఉండదు, దానిని ఎవరూ ఇంటికి వెళ్తూ ఆపరు, దానికి యూపీఎస్, బ్యాకప్, బాధ్యత వహించే మనిషి ఉంటారు. ఆ మనిషి లేని ఆఫీసులో సర్వర్ పెట్టడం వృథా ఖర్చు.

లైసెన్సు ఖర్చు భరించలేనివారికి లైనక్స్ మీద కప్స్ అనే ఉచిత వ్యవస్థ ఉంది. 1999లో మొదట విడుదలై, తర్వాత ఆపిల్ మ్యాక్‌లకు కూడా ఆధారమైన ఇది చిన్న పాత కంప్యూటర్ మీద కూడా చక్కగా నడుస్తుంది. ఒక్క హెచ్చరిక: చవకైన కొన్ని లేజర్ ప్రింటర్లకు సొంతంగా పేజీని తయారుచేసుకునే శక్తి ఉండదు, పూర్తిగా కంపెనీ విండోస్ డ్రైవర్ మీదే ఆధారపడతాయి. లైనక్స్‌తో వాటిని కలపబోయి రోజులు పోగొట్టుకున్నవారున్నారు. కొత్త ప్రింటర్ కొంటున్నప్పుడే కంపెనీ డ్రైవర్ లేకుండానే ముద్రించే ప్రమాణాలైన మోప్రియా లేదా ఎయిర్‌ప్రింట్ ధ్రువీకరణ ఉన్నదా అని చూస్తే ఈ చిక్కు చాలావరకు ఉండదు. కంపెనీల సొంత డ్రైవర్లకు విండోస్ అప్‌డేట్ ద్వారా ఇచ్చే మద్దతును క్రమంగా ముగిస్తామని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులో ప్రకటించింది కనుక, ఇకముందు ఈ చూపు మరింత అవసరం.

తెలుగులో పని చేసే ఆఫీసులకు ఒక ప్రత్యేకమైన సందేహం ఉంటుంది: డీటీపీలో వాడే అను వంటి పాత ఫాంట్లను సర్వర్‌లో కూడా వేయాలా అని. మామూలుగా అక్కరలేదు. విండోస్ సర్వర్ నుంచి షేర్ చేసిన ప్రింటర్‌కు, డిఫాల్ట్ అమరికలో, పేజీని తయారుచేసేది పత్రం పంపే కంప్యూటరే. ఆ ఫాంట్లు అక్కడ ఉంటే చాలు. పీడీఎఫ్‌లో తెలుగు అక్షరాలు తెరమీద సరిగా ఉండి కాగితంమీద గడులుగానో, ఒత్తులు విడిపోయో వస్తే, ప్రింట్ డైలాగ్‌లో చిత్రంగా ముద్రించే ఎంపికను పెట్టి చూడాలి. కొంచెం ఆలస్యమవుతుంది, అక్షరం మాత్రం తప్పకుండా వస్తుంది.

నాలుగవది క్లౌడ్ ముద్రణ. హైదరాబాద్, విశాఖపట్నం, బెంగళూరుల్లో శాఖలుండి, ఉద్యోగులు ఊరూరూ తిరిగే సంస్థకు ఇది అనుకూలం. మైక్రోసాఫ్ట్ యూనివర్సల్ ప్రింట్ 2021 నుంచి అందుబాటులో ఉంది. ఒకే గదిలో ఉన్న పది కంప్యూటర్లకు మాత్రం దీనిని నేను సూచించను. పక్క బల్లమీది ప్రింటర్‌కు పత్రం పంపడానికి ఇంటర్నెట్ ఉండి తీరాలి, నెలనెలా చందా ఉంటుంది, సేవ నిలిచిపోయే అవకాశమూ ఉంటుంది. గూగుల్ క్లౌడ్ ప్రింట్‌ను నమ్ముకున్న ఆఫీసులు 2020 డిసెంబరు 31న అది మూతపడినప్పుడు మళ్ళీ మొదటి నుంచి అమర్చుకోవలసి వచ్చింది.

ఏ పద్ధతి ఎంచుకున్నా రెండు పనులు తప్పవు. రౌటర్, స్విచ్, సర్వర్ యూపీఎస్ మీద ఉండాలి, లేజర్ ప్రింటర్ మాత్రం దానిమీద ఉండకూడదు. లోపలి హీటర్ వేడెక్కేటప్పుడు లాగే కరెంటును చిన్న యూపీఎస్ తట్టుకోలేదు. రెండవది, ప్రింటర్ అడ్మిన్ పేజీకి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ అలాగే వదిలేయకూడదు. జిరాక్స్, స్కానింగ్ కలిసిన పెద్ద యంత్రాల్లో చాలావాటికి హార్డ్ డిస్క్ ఉంటుంది, అందులో ఖాతాదారుల ఆధార్, పాన్ కాపీలు మిగిలి ఉండవచ్చు. అద్దెకు తీసుకున్న యంత్రాన్ని తిరిగి ఇచ్చే రోజున ఆ డిస్క్‌ను తుడిపించి, తుడిచినట్టు కాగితం రాయించుకోవాలి.

పైన చెప్పిన ఆడిట్ ఆఫీసులో ఆ అక్టోబరులోనే ల్యాన్ పోర్టు ఉన్న ప్రింటర్ తీసుకుని, రౌటర్‌లో రిజర్వేషన్ పెట్టి, పన్నెండు కంప్యూటర్లలోనూ నేరుగా చేర్చాను. ఒక మధ్యాహ్నం పట్టింది. ప్రింటర్ చిరునామాను, మ్యాక్ చిరునామాను ఒక కాగితంమీద రాసి దాని పక్కనే అంటించాను. ఆ తర్వాత అక్కడ ఎవరు సెలవు పెట్టినా ప్రింట్ల కోసం వారికి ఫోన్ చేయవలసిన అవసరం రాలేదు.