రీపర్‌తో ఆరేళ్లు: మీట నొక్కడానికీ శబ్దం వినడానికీ మధ్య

మా అక్క పాడుతుంది, నేను కీబోర్డు వాయిస్తాను. లలిత గీతాలు, పండగలకు బంధువులకు పంపుకునే పాటలు, ఎవరైనా అడిగితే బడి వార్షికోత్సవానికి నేపథ్య సంగీతం, అంతే మా వ్యాపకం. రాజమహేంద్రవరంలో మా ఇంటి వెనక గదే స్టూడియో. 2019లో అక్కడ ఒక పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ పెట్టుకుని రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. ఈ ఆరేళ్లలో దాని ముందు కూర్చుని నేర్చుకున్న దాంట్లో సగం సంగీతమైతే, మిగతా సగం ఆలస్యంతో కుస్తీ. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ రెండో సగం గురించే.

ముందు సాఫ్ట్‌వేర్ సంగతి. పాతికేళ్ల క్రితం కంప్యూటర్లో పాటలు విన్నవాళ్లకు విన్‌యాంప్ గుర్తుంటుంది. దాన్ని రాసిన జస్టిన్ ఫ్రాంకెల్ తర్వాత తయారుచేసినదే రీపర్. డౌన్‌లోడ్ ఎంత చిన్నదంటే ఫోన్లో వచ్చే ఒక పాట వీడియో కూడా దీనికన్నా బరువుగా ఉంటుంది. 60 రోజులు ఉచితంగా వాడి చూడవచ్చు. ఆ తర్వాత వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు, అప్పటి లెక్కలో నాలుగు వేల పైచిలుకు. ఒకసారి కొంటే రెండు పెద్ద వెర్షన్ల దాకా పనికొస్తుంది. నేను ఐదో వెర్షన్ మీద కొన్నాను, ఆరు కూడా అందులోనే గడిచింది. 2023లో ఏడో వెర్షన్ వచ్చాక మళ్లీ కొన్నాను. ఆ డబ్బు ఇచ్చినందుకు ఇంతవరకు చింతించలేదు.

మొదటి రోజే ఎదురుదెబ్బ. కీబోర్డును యూఎస్‌బీ తీగతో కలిపి, పియానో ప్లగిన్ (రీపర్ లోపల పనిచేసే చిన్న ప్రోగ్రాం) వేసి మీట నొక్కితే శబ్దం తీరిగ్గా వచ్చింది. స్వరం నొక్కి, వేలు తీసేసి, ‘ఏమైంది?’ అనుకునే లోపు వినిపించేది. నిదానమైన ఆలాపన ఎలాగో నెట్టుకొచ్చాను కానీ రెండో కాలంలో తాళం వేలికి అందలేదు. కంప్యూటర్ పాతది కాబట్టి అంతే అనుకుని వారం రోజులు కొత్త కంప్యూటర్ల ధరలు చూశాను. తప్పు కంప్యూటర్‌ది కాదు, నేను ఎంచుకున్న డ్రైవర్‌ది, అంటే సౌండ్ కార్డును నడిపించే ప్రోగ్రాంది. విండోస్ మామూలుగా ఇచ్చే పాత తరహా సౌండ్ డ్రైవర్లు సినిమా చూడటానికీ పాట వినడానికీ చేసినవి. వాటికి వంద మిల్లీసెకండ్లు అటూ ఇటూ అయినా పట్టింపు లేదు, వాయించేవాడికి మాత్రం వంద మిల్లీసెకండ్లు ప్రాణాంతకం.

ఎంత ఆలస్యమైతే పట్టించుకోవాలో తెలియక చాలామంది అనవసరంగా బెంగపడతారు. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకండులో సుమారు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. కచేరీలో పాడేవారికీ మృదంగానికీ మధ్య ఒకటిన్నర మీటర్ల దూరం ఉంటే నాలుగు మిల్లీసెకండ్లు అక్కడే పోతాయి, అయినా తాళం తప్పడం లేదు కదా. నా వేళ్లకు పది లోపు ఉంటే తెలియదు. ఇరవై దాటితే చిరాకు మొదలవుతుంది.

దీనికి మందు ఏషియో. 1997లో స్టైన్‌బర్గ్ సంస్థ తెచ్చిన ఈ పద్ధతి, అన్ని ప్రోగ్రాంల శబ్దాలనూ కలిపే విండోస్ మిక్సర్‌ను పక్కన పెట్టి నేరుగా సౌండ్ కార్డుతో మాట్లాడుతుంది. సౌండ్ కార్డుకు సొంత ఏషియో డ్రైవర్ లేకపోతే ఏషియో4ఆల్ అనే ఉచిత ప్రోగ్రాం మధ్యవర్తిగా నిలబడుతుంది. రీపర్‌లో ఆప్షన్స్, ప్రిఫరెన్సెస్, ఆడియో, డివైస్ అని వరసగా వెళ్లి దాన్ని ఎంచుకున్నాను. అదే కంప్యూటర్, అదే కీబోర్డు, పియానో వేలి కిందకు వచ్చేసింది.

అక్కడే బఫర్ అనే అంకె కనిపిస్తుంది. కంప్యూటర్ శబ్దాన్ని చుక్కచుక్కగా పంపదు, చెంబులో నింపి ఒకేసారి పోస్తుంది. ఆ చెంబు పరిమాణమే బఫర్. లెక్క తేలిక: బఫర్‌ను సెకనుకు ఎన్ని శాంపిల్సో (శబ్దాన్ని కొలిచిన చుక్కలు) దానితో భాగించాలి. 44,100 దగ్గర 512 పెడితే 11.6 మిల్లీసెకండ్లు, 256కు 5.8, 128కు 2.9. ఇది ఒక వైపు ప్రయాణానికే. మైకులోంచి వచ్చి హెడ్‌ఫోన్స్‌లోకి వెళ్లాలంటే రెండు వైపులా కలపాలి, డ్రైవర్ తన జాగ్రత్త కోసం దాచుకునేది దానికి అదనం. రీపర్ కిటికీ పైన కుడి మూలలో ఈ అంకెలు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి. శాంపిల్ రేటు, బఫర్, లోపలికీ బయటికీ పట్టే మిల్లీసెకండ్లు, అన్నీ ఒకే వరసలో. ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నింటికన్నా నచ్చినది ఆ మూలే.

చెంబు మరీ చిన్నదైతే నింపేవాడికి ఊపిరాడదు, శబ్దంలో చిటపటలు మొదలవుతాయి. 64కు దించగానే నా పాటలో పోపు వేగింది. ప్రాసెసర్ మీద భారం చూస్తే పావు వంతు కూడా లేదు, మరి ఎందుకు? లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రాం నడిపి పది నిమిషాలు కూర్చున్నాను. వైఫై డ్రైవర్ మధ్యమధ్యలో ప్రాసెసర్‌ను పట్టుకుని వదలడం లేదని ఎర్ర గీతతో చూపించింది. వైఫై ఆపాను, చిటపట ఆగింది. విద్యుత్ పొదుపు అమరికను అత్యధిక పనితీరుకు మార్చాను, యూఎస్‌బీ హబ్ తీసేసి, తర్వాత కొన్న ఇంటర్‌ఫేస్‌ను (మైకునూ హెడ్‌ఫోన్స్‌నూ కంప్యూటర్‌కు కలిపే పెట్టె) నేరుగా కంప్యూటర్ వెనక రంధ్రానికే పెట్టాను. అవి రెండూ కొంచెం కొంచెం పనిచేశాయి, అసలు గుణం వైఫై దగ్గరే కనిపించింది. ఇప్పుడు రికార్డింగ్ గంటల్లో మా ఇంట్లో ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ ఉండదు.

ఇంకో మేలు రీపర్ చెప్పకుండానే చేస్తుంది. రికార్డింగ్‌లో లేని ట్రాకులను (ఒక్కో గొంతుకూ వాద్యానికీ విడిగా ఉండే వరసలు) అది కొంచెం ముందుగానే, మామూలు అమరికలో 200 మిల్లీసెకండ్లు ముందుకు, లెక్కకట్టి పెట్టుకుంటుంది. అప్పటికప్పుడు పరుగెత్తాల్సింది నేను వాయిస్తున్న ఒక్క ట్రాకే. ఇరవై ట్రాకుల పాటలో కూడా పాత కంప్యూటర్ 128 బఫర్ తట్టుకోవడానికి కారణం ఇదే.

కీబోర్డు గొడవ తీరాక అక్క వంతు. రెండు మైకులకు చోటున్న ఒక మామూలు ఇంటర్‌ఫేస్ కొన్నాను, దానికి సొంత ఏషియో డ్రైవర్ ఉంది. అక్క హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పల్లవి ఎత్తుకుని రెండో మాటకే ఆపేసింది. “నా వెనక ఇంకెవరో పాడుతున్నట్టుందిరా” అంది. కుండలో నోరు పెట్టి పాడినట్టు కూడా ఉందట. రెండూ నిజమే. పాడేవారి గొంతు ఎముకల గుండా తక్షణం చెవికి చేరుతుంది. పది మిల్లీసెకండ్ల తర్వాత హెడ్‌ఫోన్స్‌లోంచి అదే గొంతు మళ్లీ వచ్చి కలిస్తే కొన్ని ధ్వనులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, గొంతు డొల్లగా వినిపిస్తుంది. కీబోర్డు వాయించేవాడికి తెలియని పది మిల్లీసెకండ్లు పాడేవారికి తెలుస్తాయి.

ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ అనే మీట ఉంటుంది. అది నొక్కితే మైకు శబ్దం కంప్యూటర్ దాకా వెళ్లి రాకుండా, ఆ పెట్టెలోనే మలుపు తిరిగి హెడ్‌ఫోన్స్‌లోకి వస్తుంది. నేను ఆ మీట నొక్కాను కానీ రీపర్ ట్రాకు మీద ఉన్న, మైకు శబ్దాన్ని కంప్యూటర్ గుండా తిరిగి వినిపించే మానిటర్ గుర్తును ఆపడం మరిచాను. దాంతో ఒక గొంతు నేరుగా, మరొకటి చుట్టుతిరిగి వచ్చాయి. అక్క చెప్పిన ‘వెనక ఇంకెవరో’ ఆవిడ గొంతే. తర్వాత సాయం అడుగుతూ మా ఇంటికి వచ్చిన వాళ్లలో ఎక్కువమంది చేసినది కూడా ఇదే పొరపాటు. రెండింట్లో ఒకటే ఉంచాలి. అక్కకు పొడి గొంతు నచ్చదు, కొంచెం ప్రతిధ్వని ఉంటే తప్ప భావం రాదంటుంది. అందుకని ప్రతిధ్వని మాత్రమే కంప్యూటర్ నుంచి ఇస్తాను. ప్రతిధ్వని పది మిల్లీసెకండ్లు వెనకబడితే ఎవరికీ నష్టం లేదు.

ఆరేళ్లలో అందరికన్నా మొండి శత్రువు రికార్డయ్యాక బయటపడింది. ఇది ఇంటర్‌ఫేస్ కొనక ముందు, ఏషియో4ఆల్ రోజుల నాటి మాట. ఒక భజనకు బృందగానం కావాలి, మనుషులు లేరు. అక్కే మూడుసార్లు పాడింది. పాడుతున్నప్పుడు చక్కగా ఉంది. తిరిగి వింటే మొదటి గొంతు తాళంలో, రెండోది కొంచెం వెనక, మూడోది గుడి మెట్లు ఎక్కలేక ఆయాసపడుతున్న మనిషిలా ఇంకా వెనక. ఆరోజు అక్కను అనుమానించాను, ఆ మాట పైకి కూడా అన్నాను. దానికి ఇప్పటికీ నాకు చివాట్లు పడుతూనే ఉన్నాయి.

తప్పు ఎవరిదో తేల్చడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. డెస్క్‌టాప్ వెనక ఆకుపచ్చ రంధ్రం శబ్దం బయటికి వచ్చేది, నీలి రంగుది లోపలికి తీసుకునేది. ఆ రెండింటినీ ఒక చిన్న తీగతో కలిపాను. ఒక ట్రాకులో టక్కుమనే ఒకే ఒక్క చప్పుడు పెట్టి, దాన్ని తీగ గుండా రెండో ట్రాకులోకి రికార్డు చేశాను. రెండో ట్రాకు మానిటర్ తప్పనిసరిగా ఆపి ఉంచాలి, లేకపోతే శబ్దం తిరిగి తిరిగి స్పీకర్లలో కేక పెడుతుంది. మొదటిసారి మా వీధి కుక్కలన్నీ లేచాయి. తర్వాత తెర మీద అలలను పెద్దవి చేస్తూ పోయాను. కొండలాంటి అల సన్నని గీత అయింది, గీత చుక్కలయింది. రెండు చప్పుళ్లూ ఒకే చోట మొదలవ్వాలి. రెండోది 1,310 శాంపిల్స్ వెనక ఉంది, అంటే దాదాపు 30 మిల్లీసెకండ్లు.

అప్పుడు అర్థమైంది. రికార్డయిన శబ్దాన్ని రీపర్ తనంతట తానే ముందుకు జరిపి సర్దుతుంది, కానీ డ్రైవర్ చెప్పిన లెక్క ప్రకారం. డ్రైవర్ తప్పు లెక్క చెబితే రీపర్ తప్పుగానే సర్దుతుంది. అక్క రెండో గొంతు 30 వెనకబడింది. మూడోసారి ఆ రెండో గొంతును వింటూ పాడింది కాబట్టి అది 60 వెనకబడింది. ప్రిఫరెన్సెస్‌లో రికార్డింగ్ పేజీలో, మనమే సవరణ ఇచ్చుకునే గడి ఉంది. అందులో 1,310 వేసి మళ్లీ పరీక్షించాను. రెండు చప్పుళ్లూ ఒకదాని కింద ఒకటి గీత గీసినట్టు నిలబడ్డాయి. కొత్త ఇంటర్‌ఫేస్‌లో ఈ తేడా 71 శాంపిల్సే, ఒకటిన్నర మిల్లీసెకండు. అయినా ఆ అంకె కూడా వేశాను. బఫర్ మార్చినప్పుడూ డ్రైవర్ కొత్తది వేసినప్పుడూ పరీక్ష మళ్లీ చేయాలి. ఆ తీగ బల్ల పక్కన మేకుకు వేలాడుతూ ఉంటుంది.

ప్లగిన్లు తెచ్చే ఆలస్యం వేరు. సగం పాట మిక్సింగ్ అయిపోయాక ఒకరోజు కీబోర్డు మళ్లీ బద్ధకించింది. బఫర్ అలాగే ఉంది, డ్రైవర్ అదే. ప్లగిన్ల కిటికీ అడుగున రీపర్ ఒక అంకె చూపిస్తుంది, ఆ వరస మొత్తం ఎన్ని శాంపిల్స్ ఆలస్యం తెస్తోందో. అన్ని ట్రాకులూ వచ్చి కలిసే మాస్టర్ ట్రాకులో అది 4,096 అని ఉంది. 48,000 దగ్గర అంటే 85 మిల్లీసెకండ్లు. ముందురోజు రాత్రి మోజుపడి పెట్టిన ఒక ఈక్వలైజర్ (మంద్ర, తార ధ్వనుల పాళ్లు దిద్దే ప్లగిన్) పని అది. శబ్దాన్ని ముందుగా చూసుకుని దిద్దే రకం ప్లగిన్లన్నీ ఇలా సమయం తింటాయి. మిక్సింగ్‌లో ఫరవాలేదు, రీపర్ మిగతా ట్రాకులన్నింటినీ అంతే ఆపి సమం చేస్తుంది. వాయించేటప్పుడు మాత్రం కుదరదు. దాన్ని ఆఫ్‌లైన్ చేస్తే, అంటే పనిచేయకుండా పక్కన పెడితే, వేళ్లకు ప్రాణం వచ్చింది. అప్పటి నుంచి రికార్డింగ్ పూర్తయ్యే దాకా మాస్టర్ ట్రాకును ఖాళీగా ఉంచుతాను.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌తో వాయిస్తానన్న వాళ్లకు ఒక్క మాటే చెబుతాను. తీగ ఉన్నవి కొనుక్కోండి, మూడు నాలుగు వందల రూపాయలవైనా సరే. గాలిలో పంపే ఆ ఆలస్యాన్ని ఏ సెట్టింగూ తీయలేదు.

రీపర్‌ను అందరికీ చెప్పను. దానితో పాటు తబలా, వీణ, తంత్రీ వాద్యాల గుట్టలేమీ రావు, అవి విడిగా సంపాదించుకోవాలి. మెనూలు అడవిలా ఉంటాయి, తెలుగు కీబోర్డు ప్లేయర్లు ఎక్కువగా అలవాటుపడిన రంగురంగుల తెర ఇందులో ఉండదు. తాళాలు పేర్చుకుని పావుగంటలో ట్రాకు తయారు చేయాలనుకునేవారికి ఇది విసుగు తెప్పిస్తుంది. పాత కంప్యూటర్ ఉండి, గొంతులూ వాద్యాలూ మైకు పెట్టి రికార్డు చేసేవారైతే మాత్రం నేను ఇంకో పేరు చెప్పను. ప్రతి ఆలస్యానికీ ఇందులో ఎక్కడో ఒక అంకె కనిపిస్తుంది. ఆ అంకె దొరికితే వైద్యం పది నిమిషాల పని.

ఒక్కటి మాత్రం ఈ అంకెలకు లొంగదు. మాకు మృదంగం వాయించే మిత్రుడు వేరే ఊళ్లో ఉంటాడు, ఫోన్లో రికార్డు చేసి పంపుతాడు. మొదటి ఆవర్తం సరిగ్గా కూర్చుంటుంది, ఐదో నిమిషానికి పక్కకు జారిపోతుంది. ఇది ఆలస్యం కాదు. అతని ఫోన్ గడియారం, నా ఇంటర్‌ఫేస్ గడియారం వెంట్రుకవాసి తేడాతో నడుస్తున్నాయి. లక్షలో ఐదు పాళ్లు తేడా ఉన్నా ఐదు నిమిషాలకు 15 మిల్లీసెకండ్లు అవుతుంది. అందుకే మొదట్లో రెండు చప్పట్లు, చివర్లో రెండు చప్పట్లు కొట్టి పంపమన్నాను. మొదటి చప్పట్లను కలిపి, ఆల్ట్ మీట పట్టుకుని ట్రాకు చివరను లాగి, ఆఖరి చప్పట్లను కూడా కలుపుతాను. పోయిన వారం ఆఖరి చప్పట్లు మరిచిపోయి పంపాడు, ముక్తాయింపులో చివరి దెబ్బ చూసుకుని కలపాల్సి వచ్చింది.