పది తర్వాత అమ్మాయి: మైనారిటీ గురుకులమా, ఇంటి దగ్గర కాలేజీయా?

తెలంగాణ ముస్లిం ఇళ్లలో పదో తరగతి ఫలితాలు రాగానే మొదలయ్యే చర్చ ఇది.

ఖర్చు: 2016లో మొదలైన మైనారిటీ గురుకులాల్లో చదువు, హాస్టల్, భోజనం ఉచితం. ఇంటి దగ్గర ప్రభుత్వ కాలేజీలో ఫీజు బాధ లేదు, కానీ రోజూ బస్సు కోసం ఎదురుచూపులు.

దూరం: గురుకులం అమ్మాయిలకు వేరుగా ఉంటుంది కాబట్టి అబ్బాకు సగం టెన్షన్ తగ్గుతుంది. అమ్మీకి మాత్రం బెంగ.

భాష: అసలు చిక్కు ఇక్కడే. గురుకులంలో ఇంగ్లిష్ మీడియం. ఉర్దూలో పది చదివిన పిల్ల, ఫోర్స్ అంటే ఖువ్వత్ అని ఫిజిక్స్ పుస్తకం అంచున పెన్సిల్‌తో రాసుకుంటూ మొదటి నెలలు నెట్టుకురావాలి. కొన్ని ఊళ్లలో ఉర్దూ మీడియం ప్రభుత్వ జూనియర్ కాలేజీ ఉంది, అక్కడ ఈ తిప్పలు లేవు.

చదువు ఆగిపోయే రిస్క్: ఇంట్లో ఉంటే వంట, చిన్నపిల్లల పని మీద పడతాయి. మంచి సంబంధం వచ్చిందంటే పుస్తకాలు అటకెక్కుతాయి. హాస్టల్లో ఉన్న పిల్లను మధ్యలో మాన్పించడానికి పెద్దలు కాస్త జంకుతారని నా అంచనా.

ఇంట్లో చదువుకునే చోటు లేకపోతే, పెళ్లి మాటలు మొదలైతే గురుకులం. అమ్మీ ఆరోగ్యం బాగోలేకపోయినా, ఉర్దూ మీడియం కాలేజీ నడిచే దూరంలో ఉన్నా ఇల్లే నయం.