మయన్మార్ విషయంలో ఆంక్షలా, ఆసియాన్ బాటా, ఢిల్లీ మౌనమా: ఏది మేలు?

2021 ఫిబ్రవరి 1న మయన్మార్ కొత్త పార్లమెంటు కొలువుదీరవలసి ఉంది. ఆ తెల్లవారుజామునే సైన్యం ఆంగ్ సాన్ సూకీని, దేశాధ్యక్షుడిని, ఎన్నికైన సభ్యులను నిర్బంధించి, సీనియర్ జనరల్ మిన్ ఆంగ్ లయింగ్ చేతికి అధికారం అప్పగించింది. 2020 నవంబరు ఎన్నికల్లో సూకీ పార్టీకి వచ్చిన భారీ ఆధిక్యం అక్రమమన్నది సైన్యం చెప్పిన కారణం. నిరసనకారులపై కాల్పులు, వాటి నుంచి పుట్టిన సాయుధ ప్రతిఘటన, ఊళ్ల మీద వైమానిక దాడులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. సొంత దేశంలోనే చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరిపోయినవారు 35 లక్షలకు పైగానే ఉన్నారని ఐక్యరాజ్యసమితి చెబుతోంది.

దీనికి బయటి ప్రభుత్వాలు ముఖ్యంగా మూడు రకాలుగా స్పందించాయి. అమెరికా, బ్రిటన్, ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధించాయి. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ ఒక ఒప్పందం రాసుకుని, దాన్ని పాటించనందుకు సైనిక నాయకుడిని శిఖరాగ్ర సమావేశాలకు రానివ్వలేదు. భారతదేశం ఆందోళన వెలిబుచ్చుతూనే సైనిక పాలకులతో రాకపోకలు సాగించింది. వీటిలో ఏది మేలో తేల్చడానికి ఈ వ్యాసంలో రెండే కొలతలు వాడుతున్నాను. అక్కడి ప్రజల మీద పడే దెబ్బ ఏ మేరకైనా తగ్గిందా? స్పందించిన దేశం తన భద్రత కోసం కోరుకున్నది దక్కిందా? ఎవరి ప్రకటనలో ఎంత ఘాటు ఉందన్నది ఈ లెక్కలోకి రాదు.

ముందుగా ఆంక్షల సంగతి. తిరుగుబాటు జరిగిన కొద్ది రోజులకే న్యూయార్క్‌లోని ఫెడరల్ రిజర్వు ఖాతాలో ఉన్న మయన్మార్ కేంద్ర బ్యాంకు సొమ్ము, దాదాపు 100 కోట్ల డాలర్లు, తీసుకుపోవడానికి సైన్యం ప్రయత్నించింది. అమెరికా దాన్ని స్తంభింపజేసింది. తర్వాత సైన్యం సొంత వ్యాపార సంస్థలపైనా, 2023 జూన్‌లో రెండు ప్రభుత్వ బ్యాంకులపైనా, అదే ఏడాది ఆగస్టులో విమాన ఇంధన సరఫరాపైనా ఆంక్షలు పడ్డాయి. ఆంక్షలతో ఒరిగేదేమీ లేదని మన దగ్గర చాలామంది తేలిగ్గా కొట్టిపారేస్తారు గానీ, లెక్కలు ఆ మాటను పూర్తిగా సమర్థించవు. ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి టామ్ ఆండ్రూస్ 2024 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం, బ్యాంకుల ద్వారా చెల్లింపులు జరిపి సైన్యం తెప్పించుకున్న ఆయుధాలు, వాటి సామగ్రి విలువ ఒక్క ఏడాదిలో మూడో వంతు పడిపోయింది. సింగపూర్ తన గడ్డపై ఉన్న కంపెనీల మీద విచారణ మొదలుపెట్టగానే, అక్కడి నుంచి వెళ్లే సరుకు 11 కోట్ల డాలర్ల స్థాయి నుంచి సుమారు కోటి డాలర్లకు దిగజారింది. ఒక చిన్న దేశం తన బ్యాంకుల తలుపులు కాస్త గట్టిగా వేస్తే కలిగిన ఫలితమిది.

అయితే అదే నివేదికలో థాయ్‌లాండ్ అంకె కూడా ఉంది. సింగపూర్‌లో మూతపడిన దారి థాయ్ బ్యాంకుల్లో తెరుచుకుంది. గ్యాస్ విషయమూ అంతే. టోటల్‌ఎనర్జీస్, షెవ్రాన్ కంపెనీలు యదానా క్షేత్రం నుంచి వైదొలగుతామని 2022 జనవరిలో ప్రకటించాయి. కొన్ని నెలలకే థాయ్ ప్రభుత్వ సంస్థ నిర్వహణ బాధ్యత తీసుకుంది. గ్యాస్ పారుతూనే ఉంది, డబ్బూ వస్తూనే ఉంది. 2023 ఏప్రిల్ 11న సగాయింగ్ ప్రాంతంలోని పజిజీ అనే ఊళ్లో జనం గుమిగూడి ఉండగా విమానాలు బాంబులు వేసి 150 మందికి పైగా ప్రాణాలు తీశాయి. అప్పటికి ఆంక్షలు మొదలై రెండేళ్లు దాటాయి. పైగా విధించినవాళ్లే నిలకడగా లేరు. 2025 జులైలో మిన్ ఆంగ్ లయింగ్ అమెరికా అధ్యక్షుడు ట్రంప్‌ను పొగుడుతూ లేఖ రాసిన కొద్ది రోజులకే, సైన్యానికి సన్నిహితులైన కొందరిపై ఆంక్షలను ఆ దేశం ఎత్తివేసింది. వీటికీ లేఖకూ సంబంధం లేదని అమెరికా అధికారులు అన్నారనుకోండి.

ఆసియాన్ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. 2021 ఏప్రిల్ 24న జకార్తాలో, మిన్ ఆంగ్ లయింగ్ స్వయంగా కూర్చున్న సమావేశంలోనే, అయిదు అంశాల ఒప్పందం కుదిరింది. హింస వెంటనే ఆపాలన్నది అందులో మొదటిది. ఆయన స్వదేశం చేరాక, పరిస్థితి చక్కబడిన తర్వాత ఆ సూచనలను పరిశీలిస్తామన్న ప్రకటన వెలువడింది. ఏడాదికో అధ్యక్ష దేశం, అధ్యక్ష దేశానికో కొత్త రాయబారి అన్న పద్ధతిలో ఎవరికీ పని కుదురుగా చేసే వ్యవధి లేకపోయింది. ఒప్పందం కాగితం మీదే ఉంది. అయినా ఆసియాన్ చేసిన ఒక పని నాకు విలువైనదిగా కనిపిస్తుంది. 2021 అక్టోబరు నుంచి శిఖరాగ్ర సమావేశాలకు సైనిక నాయకుడిని పిలవకుండా, రాజకీయేతర ప్రతినిధిని మాత్రమే పంపమంది. ఇతర దేశాల ఆంతరంగిక వ్యవహారాల్లో తలదూర్చకూడదన్న నియమమే పునాదిగా పుట్టిన కూటమి అది. అందులో ఇది చిన్న విషయం కాదు. పైగా ఖర్చు లేని పని. వాణిజ్యం ఆగలేదు, సరిహద్దు మూయలేదు, మాటలూ తెగిపోలేదు. తెగిపోలేదనడానికి నిదర్శనం కావాలంటే, 2023 జులైలో థాయ్ విదేశాంగ మంత్రి నిర్బంధంలో ఉన్న సూకీని కలిసి రావడం చూడవచ్చు.

ఇక భారతదేశం. ఇక్కడే కొంతసేపు ఆగాలి, ఎందుకంటే మన ప్రభుత్వం చెప్పే కారణాలు బలమైనవే. మయన్మార్‌తో 1,643 కిలోమీటర్ల సరిహద్దు అరుణాచల్ ప్రదేశ్, నాగాలాండ్, మణిపూర్, మిజోరం రాష్ట్రాల పొడవునా ఉంది. ఈశాన్య తీవ్రవాద సంస్థల శిబిరాలు సరిహద్దుకు అవతల సగాయింగ్ అడవుల్లో దశాబ్దాలుగా ఉన్నాయి. 1988లో రంగూన్ విద్యార్థి ఉద్యమాన్ని భారత్ బాహాటంగా సమర్థించింది, పారిపోయి వచ్చినవారికి చోటిచ్చింది. అక్కడి సైన్యం చైనాకు దగ్గరవడం చూశాక, 1993లో విదేశాంగ కార్యదర్శి జె.ఎన్. దీక్షిత్ పర్యటనతో దారి మార్చుకుంది. 1995లో రెండు సైన్యాలు కలిసి తీవ్రవాదులను వేటాడుతున్న సమయంలోనే సూకీకి నెహ్రూ పురస్కారం ప్రకటించడంతో బర్మా సైన్యం సహకారం నిలిపివేసిందన్నది ఢిల్లీ అధికార వర్గాల్లో ఇప్పటికీ చెప్పుకునే సంగతి. నోరు విప్పితే నష్టపోతామన్న భయానికి మూలం అక్కడుంది. మౌనం పాటిస్తే లాభమన్న నమ్మకానికి 2020 మే నెల రుజువుగా నిలిచింది. ఆ నెలలో మయన్మార్ సైన్యం 22 మంది తీవ్రవాదులను ప్రత్యేక విమానంలో భారత్‌కు అప్పగించింది.

తిరుగుబాటు తర్వాత ఈ లెక్క ఎలా నడిచిందో చూద్దాం. 2021 మార్చి 27న, సాయుధ దళాల దినోత్సవం నాడు, రాజధాని నేపిడాలో జరిగిన కవాతుకు ప్రతినిధులను పంపిన ఎనిమిది దేశాల్లో భారత్ ఒకటి. ఆ రోజునే దేశమంతటా సైన్యం కాల్పుల్లో వంద మందికి పైగా పౌరులు మరణించారు. జూన్ 18న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో, ఆయుధాల సరఫరా ఆపాలన్న తీర్మానానికి 119 దేశాలు మద్దతిచ్చాయి. భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉన్న 36 దేశాల్లో చేరింది. 2022 డిసెంబరు 21న భద్రతా మండలి మయన్మార్‌పై తన మొట్టమొదటి తీర్మానాన్ని ఆమోదించింది. ఆ నెల అధ్యక్ష స్థానంలో కూర్చున్నది భారతే. ఓటు వచ్చేసరికి చైనా, రష్యాలతో పాటు దూరంగా ఉండిపోయింది. ఆండ్రూస్ 2023 మే నివేదికలో భారత్ నుంచి వెళ్లిన ఆయుధాలు, సామగ్రి విలువ 5.1 కోట్ల డాలర్లుగా ఉంది. రష్యా, చైనా లెక్కల పక్కన అది కొద్దిపాటిదే. కానీ ప్రజాస్వామ్య దేశం పేరు ఆ వరుసలో ఉండనే ఉంది.

ఇంత సర్దుకుపోయినందుకు దక్కిందేమిటి? 2021 నవంబరు 13న మణిపూర్‌లోని చురాచాంద్‌పూర్ జిల్లాలో, సరిహద్దు సమీపంలో, అస్సాం రైఫిల్స్ కల్నల్‌ను, ఆయన భార్యను, చిన్న కొడుకును, మరో నలుగురు జవాన్లను తీవ్రవాదులు చంపారు. మరుసటి నెల విదేశాంగ కార్యదర్శి హర్షవర్ధన్ శృంగ్లా నేపిడా వెళ్లి మిన్ ఆంగ్ లయింగ్‌తో ఆ దాడి విషయం మాట్లాడారు. సూకీని కలుస్తానని అడిగారు, వీలు కాదన్నారు. ఆ తర్వాత మణిపూర్ తీవ్రవాద ముఠాలు సగాయింగ్‌లో మయన్మార్ సైన్యం పక్షానే ప్రతిఘటన దళాలతో పోరాడుతున్నాయన్న వార్తలు పదేపదే వచ్చాయి. ఎవరిని అదుపు చేస్తారని మనం మౌనంగా ఉన్నామో, వాళ్లనే ఆ సైన్యం తన అవసరానికి వాడుకుంటే ఆ మౌనానికి అర్థమేముంది?

కలదాన్ పథకం ఇంకో ఉదాహరణ. కోల్‌కతా నుంచి సిత్వే రేవుకు ఓడలో, అక్కడి నుంచి పలెత్వా దాకా నదిలో, ఆపైన రోడ్డు మీదుగా మిజోరంకు సరుకు చేర్చాలన్న ఈ పథకానికి 2008లో ఒప్పందం కుదిరింది. సిత్వే రేవుకు 2023 మేలో తొలి ఓడ వచ్చింది. 2024 జనవరిలో పలెత్వా, సైన్యంతో పోరాడుతున్న రఖాయిన్ సాయుధ సంస్థ అరకాన్ ఆర్మీ చేతికి చిక్కింది. ఆ ఏడాది ముగిసేసరికి రఖాయిన్ రాష్ట్రంలోని 17 టౌన్‌షిప్‌లలో 14 వారివే. నేపిడాలో ఎంత మంచి సంబంధాలున్నా ఆ దారిలో లారీ కదలాలంటే అరకాన్ ఆర్మీ ఒప్పుకోవాలి. 2024 ఫిబ్రవరిలో మిజోరం రాజ్యసభ సభ్యుడు కె. వన్లాల్వేనా సరిహద్దు దాటి వెళ్లి వాళ్లతో మాట్లాడి వచ్చారు. విదేశాంగ శాఖ చేయవలసిన పనిని ఒక చిన్న రాష్ట్రపు ఎంపీ చేశారని నాకనిపించింది. అరకాన్ ఆర్మీ పుణ్యపురుషుల సంఘమేమీ కాదు. రోహింగ్యాల పట్ల వాళ్లూ దారుణాలకు పాల్పడ్డారన్న తీవ్ర ఆరోపణలున్నాయి. హైదరాబాద్ బాలాపూర్ ప్రాంతంలో తలదాచుకున్న రోహింగ్యా కుటుంబాలు తిరిగి వెళ్లే రోజంటూ వస్తే, మాట్లాడవలసింది మాత్రం వాళ్లతోనే.

తెలుగువారికి ఈ సంగతి దూరపు గొడవ కాదు. కోరంగి రేవు నుంచి రంగూన్‌కు వలస వెళ్లినవారి సంతతి, 1962 సైనిక తిరుగుబాటు తర్వాత ఆస్తులు వదిలి ఓడలెక్కి వచ్చి, విశాఖ బర్మా క్యాంపు వంటి చోట్ల స్థిరపడింది. ఈ తరంలో ప్రయాణం మరో తీరుగా ఉంది. థాయ్‌లాండ్‌లో కంప్యూటర్ ఉద్యోగమని ఏజెంటు చెప్పిన మాట నమ్మి, నది దాటించి మ్యావడీలోని సైబర్ మోసాల స్థావరాల్లో బందీలైన వారిలో ఆంధ్ర, తెలంగాణ యువకులూ ఉన్నారు. 2025 మార్చిలో వాయుసేన విమానాలు రెండు రోజుల్లో 549 మంది భారతీయులను తీసుకువచ్చాయి. అవి దిగింది మయన్మార్‌లో కాదు, సరిహద్దుకు ఇవతల థాయ్‌లాండ్‌లోని మేసోట్‌లో. ఆ స్థావరాలున్న నేల సైన్యానికి అనుబంధంగా ఉన్న కరెన్ సాయుధ ముఠా అధీనంలోనిది. సంపాదనలో దానికీ వాటా ఉందని 2025 మేలో అమెరికా ఆ ముఠాపై ఆంక్షలు విధించింది. మన పిల్లలను విడిపించడానికి కూడా నేపిడా మాట ఒక్కటే చాలలేదన్నమాట.

కాబట్టి నా తీర్పు ఇది. అమెరికా తరహాలో మొత్తం ఆర్థిక ఆంక్షలు భారత్‌కు తగవు. మన వాణిజ్యం వదిలిన ఖాళీని చైనా నింపుతుంది. 2024లో సైన్యం పోగొట్టుకున్న లాషియో పట్టణాన్ని 2025 ఏప్రిల్‌లో తిరిగి ఇప్పించగలిగిన చైనాకు ఉన్న పట్టు మనకు లేదు. కానీ ఆంక్షల్లో పనిచేసిన భాగం ఆయుధాలు, వాటి చెల్లింపులు, విమాన ఇంధనం. సింగపూర్ చేసినంత మనమూ చేయవచ్చు. 5.1 కోట్ల డాలర్ల ఎగుమతి ఆపితే మన ఖజానాకు వచ్చే లోటు లేదు. ఆసియాన్ నుంచి తీసుకోవలసింది గౌరవ మర్యాదల్లో కోత. మాట్లాడటం వేరు, కవాతులో కూర్చోవడం వేరు. ఢిల్లీ పద్ధతిలో నిలుపుకోవలసింది సంభాషణే. 2025 మార్చి 28 భూకంపం తర్వాత ఆపరేషన్ బ్రహ్మ కింద సాయం అంత త్వరగా మాండలే చేరడానికి ఆ తలుపు తెరిచి ఉండటం ఉపకరించింది. అయితే అది ఒక్క తలుపే కాకూడదు. చిన్, అరకాన్ సంస్థలతోనూ, సైన్యం కూలదోసిన నేతల ప్రవాస ప్రభుత్వంతోనూ ఢిల్లీ దాపరికం లేకుండా మాట్లాడాలి. సూకీ పార్టీ రద్దయిపోయాక 2025 డిసెంబరు 28న మొదలుపెట్టిన ఎన్నికలు నేపిడాలో దుస్తులు మార్చాయే గానీ సరిహద్దు జిల్లాల్లో ఎవరి ఏలుబడి నడుస్తుందో మార్చలేదు.

ఈ మొత్తంలో భారతదేశపు మెరుగైన స్పందన ఢిల్లీ నుంచి కాక ఐజ్వాల్ నుంచి వచ్చింది. 2021 మార్చిలో కేంద్ర హోం శాఖ, శరణార్థులుగా గుర్తించే అధికారం రాష్ట్రాలకు లేదనీ, చొరబాట్లను అడ్డుకోవాలనీ లేఖ పంపింది. అప్పటి మిజోరం ముఖ్యమంత్రి జోరాంథంగా ప్రధానికి జవాబు రాస్తూ, వచ్చేవాళ్లు మా రక్తబంధువులని, చూస్తూ ఊరుకోలేమని తేల్చి చెప్పారు. మణిపూర్ ప్రభుత్వం శిబిరాలు తెరవద్దని ఆదేశించి, జనం ఛీ కొట్టాక వెనక్కి తీసుకుంది. మిజోరంలో చర్చిలు, యంగ్ మిజో అసోసియేషన్ కలిసి 30 వేలకు పైగా చిన్ ప్రజలకు ఆశ్రయమిచ్చాయి. 1951 శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయని దేశంలో, శరణార్థుల చట్టమే లేని చోట, ఆ పని జరిగింది. ఆ తర్వాత కేంద్రం సరిహద్దు పొడవునా కంచె వేస్తామంది, సరిహద్దు వాసులు వీసా లేకుండా వచ్చిపోయే స్వేచ్ఛా రాకపోకల పరిధిని 16 కిలోమీటర్ల నుంచి 10కి కుదించింది. వచ్చి ఉన్నవారికి తాత్కాలిక నివాస పత్రం, పిల్లలకు బడి, మిజోరంకు ఏటా ఖర్చుల పద్దు ఇవ్వడం కేంద్రానికి ఇప్పటికిప్పుడు సాధ్యమే. అందుకు భద్రతా మండలిలో ఓటు వేయనక్కరలేదు, నేపిడాను అడగనక్కరలేదు.